పత్తికట్టెల మంచు

మొన్న డిసెంబరులో గుంటూరులో ఒక పెళ్ళి విందుకు వెళ్ళాను. ఏసీ హాల్లో ప్రతి బల్ల మీదా గాజు కుండీ, అందులో తెల్లరంగు వేసిన ప్లాస్టిక్ కొమ్మలు, వాటి మీద నురుగులాంటి మంచు. అలంకరణ చేసిన అమ్మాయి మా బల్ల దగ్గరకొచ్చి "వింటర్ థీమ్ ఆంటీ, ఇప్పుడందరూ ఇదే అడుగుతున్నారు" అంది. బాగుందమ్మా అన్నాను. బాగానే ఉంది, నాకు మాత్రం అన్నం సహించలేదు. ఎందుకో ఆ అమ్మాయికి చెప్పడం మర్యాద కాదు కాబట్టి ఇక్కడ చెప్పుకుంటున్నాను.

తొంభైల చివర్లో మా మేనత్త వాళ్ళు ప్రత్తిపాడు వైపు ఒక ఊళ్ళో ఉండేవారు. అత్తయ్య చర్చిలో సండే స్కూలు చెప్పేది. మంచును ఆవిడ ఏనాడూ చూడలేదు, మా ఊళ్ళల్లో ఎవరూ చూడలేదు. కానీ క్రిస్మస్ గ్రీటింగు కార్డుల మీద చూసీ చూసీ, మంచు గురించి పక్కింటి మనిషి గురించి మాట్లాడినంత ధీమాగా మాట్లాడేది. ఏటా కొత్తపట్నం వైపు నుంచి తెప్పించిన సరుగుడు కొమ్మకు దూది అంటించి, "ఇదర్రా బెత్లెహేము చలి" అని పిల్లలకు చెప్పేది. పిల్లలు చెమటలు తుడుచుకుంటూ నమ్మేవాళ్ళు. అత్తయ్య కూతురు, మా వదిన పెళ్ళి ఒక ఏడాది జనవరిలో కుదిరింది. పెళ్ళికొడుకు వాళ్ళది చీరాల. మా వైపు పెళ్ళిళ్ళల్లో భోజనాల బల్లల మీద పూలు పెడతాం అని పెళ్ళికొడుకు అక్క ఒక మాట జారవిడిచింది. పూలు కొనే స్థితి ఇక్కడ లేదు. "పూలెవరైనా పెడతారు, మనం మంచు పెడదాం" అంది అత్తయ్య.

స్థితి ఎందుకు లేదంటే, అది పచ్చపురుగు పత్తినంతా కాజేసిన ఏడాది. ఎన్ని మందులు కొట్టినా పురుగు చావలేదు. కాయలు సగం విచ్చి, లోపల పసుపుపచ్చగా గిడసబారిపోయాయి. చుట్టుపక్కల ఊళ్ళల్లో ఆ చలికాలం కొందరు రైతులు ఆ మందే తాగారు. మామయ్య మాట్లాడటం మానేశాడు. వసారాలో గోడకు ఆనుకుని కూర్చునేవాడు, పిలిస్తే కాసేపటికి గాని తల తిప్పేవాడు కాదు. అత్తయ్య మిగిలిన మందు డబ్బాలను పశువుల కొట్టంలోంచి తీయించి, దూరంగా గొయ్యి తీసి పాతిపెట్టించింది. నన్ను పెళ్ళి పనులకని పిలిపించి, వచ్చిన రోజే వంటింట్లోకి తీసుకెళ్ళి చెప్పింది: "పెళ్ళి పనులు కాదే నీకు. మీ మామయ్యను ఒక్కణ్ణే వదలకు. ఆయన చేతికి ఎప్పుడూ ఏదో ఒక పని ఉండాలి." అప్పుడు అర్థమైంది నాకు, మంచు ఎవరి కోసమో.

మంచుకు కావలసినవన్నీ ఇంట్లోవే. పాత పచ్చడి సీసాలు, వాటి నిండా ఐసు ముక్కల్లా కనిపించే కల్లుప్పు, అందులో గుచ్చిన ఎండు పత్తికట్టె. కట్టెను సున్నపు నీళ్ళలో ముంచి ఆరబెట్టాలి, సగం విచ్చిన కాయలు దానికే ఉండాలి, కొమ్మలకు అక్కడక్కడ ఏకిన దూది అంటించాలి. గ్రీటింగు కార్డుల్లో మంచు కొమ్మలకు ఎర్రెర్రటి పళ్ళుంటాయి కదా, వాటికి బదులు గుండ్రటి ఎండుమిరపకాయలు దారంతో కట్టాలి. ఈ ఆఖరి పని చేసినప్పుడల్లా ఇల్లంతా తుమ్ములే. వదిన కళ్ళెర్రబడి, పెళ్ళికి ముందే అప్పగింతలు అయిపోయినట్టుండేది.

చిక్కు కట్టె దగ్గర వచ్చింది. మామయ్య చేలో ఎండి నిలబడ్డ కట్టె కావలసినంత ఉంది. అత్తయ్య అడిగితే, అన్నాళ్ళకు ఆయన నోరు తెరిచాడు. "నా చేలో పుల్ల ముట్టుకుంటే ఊరుకోను. నా బతుకు తీసుకెళ్ళి బల్లల మీద పెడతావా?"

అప్పుడు ఆదుకున్నది పక్క చేను సాయిబు గారు. అత్తయ్యను చెల్లెమ్మా అనేవాడు, మామయ్యను బావా అనేవాడు, ఆ వరసన నాకు పెదనాన్న. ఆయన చేనూ అంతే పోయింది గాని ఆయన నవ్వు పోలేదు. ఎడ్లబండి నిండా కట్టె వేసుకొచ్చి మా వాకిట్లో కుమ్మరించాడు. "నా చేలోది తీసుకోమ్మా. పొయ్యిలోకి పోయేది పెళ్ళిలోకి పోతే దానికీ మర్యాదేగా" అన్నాడు. తరవాత మామయ్య ఎదురుగా చతికిలబడి, కత్తెర ఆయన చేతిలో పెట్టి, "కొయ్యి బావా, నాది కోయడానికి నీకేం బాధ" అన్నాడు. మామయ్య చాలాసేపు ఆ కత్తెర వంక చూసి, కోయడం మొదలుపెట్టాడు. ఆ వారమంతా ఇద్దరూ వసారాలో కూర్చుని కొమ్మలకు సున్నం వేశారు. పెదనాన్న జోకులు వేస్తూనే ఉండేవాడు. అత్తయ్య తలుపు సందులోంచి మామయ్య చేతులనే చూసేది. నేనూ ఆయన చేతులనే చూసేదాన్ని.

పెళ్ళి రోజు షామియానా కింద బల్లలన్నీ తెల్లగా మెరిశాయి. చీరాల వాళ్ళు మురిసిపోయారు. నేత పని చేసే కుటుంబాలు వాళ్ళవి, పత్తిని దారంగా తప్ప ఎరగరు. తరవాతి పంక్తిలో మా ఊరి మగవాళ్ళు కూర్చున్నారు. విస్తళ్ళు వేశారు, వడ్డించారు. ఎవరూ తినడం లేదు. ఒకాయన చెయ్యి చాచి కాయను తిప్పి చూశాడు. పక్కాయన ఇంకో కాయను గోటితో చీల్చి బెజ్జం కోసం వెతికాడు. అలవాటు అది, ఆ ఏడాదంతా పొద్దున లేస్తే చేసిన పని. ఒక్కొక్కరే అన్ని బల్లల దగ్గరా వంగి, సున్నం వేసిన కాయల్లో పురుగును వెతుకుతున్నారు. వాళ్ళ మధ్య మామయ్య ముఖం పాలిపోయింది. అత్తయ్య వడ్డన గిన్నె బల్ల మీద పెట్టేసి మామయ్య వైపు నడిచింది.

పెదనాన్న లేచి నిలబడ్డాడు. "ఒరేయ్! పెళ్ళికొచ్చారా, పురుగులేరడానికొచ్చారా? అది నా చేనురా. నేనే చూడటం మానేశాను, మీకెందుకు? చారు చల్లారిపోతోంది, తినండి!"

ఎవరో ఫక్కున నవ్వారు. అందరూ నవ్వారు. మామయ్య కూడా నవ్వాడు, తల వంచి అన్నం కలిపాడు. అత్తయ్య వంటశాల వెనక్కి వెళ్ళి, నన్ను పట్టుకుని భోరున ఏడ్చింది. "గండం గడిచిందే" అంది. నేనూ అలాగే అనుకున్నాను.

వదినను చీరాల పంపి ఇంకా పందిరి గుంజలు కూడా పీకలేదు. పెదనాన్న తన చేలోనే, కట్టె పీకేసిన ఖాళీ నేల మీద, మందు తాగి పడి ఉన్నాడు. ముందు చూసింది మామయ్యే. మోసుకొచ్చింది ఆయనే. గుంటూరు పెద్దాసుపత్రికి చేరేలోపే అయిపోయింది. పెదనాన్న ఇంట్లో మందు డబ్బాలు ఎవరూ పాతిపెట్టలేదు. అంత నవ్వే మనిషి ఇంట్లో ఎవరికి ఆ ఆలోచన వస్తుంది? అత్తయ్య ఒక్కటే మాట అనేది, అడిగినా అడక్కపోయినా: "నా రెండు కళ్ళూ ఒక్క మనిషి మీదే పెట్టానే."

మామయ్య ఆ తరవాత చాలాకాలం బతికాడు. పెదనాన్న చేనూ తనే చూసుకుని, రెండింట్లోనూ మిరప వేసి, ఆ ఇంటి పిల్లలు ఎదిగివచ్చేదాకా నడిపించాడు. పత్తి మళ్ళీ వేయలేదు. కాలం గడిచేకొద్దీ అన్నీ మరుగున పడతాయంటారు. నాకు మాత్రం, ఆ వారమంతా వసారాలో మా కళ్ళెదుట కూర్చుని నవ్విన మనిషి అలిసిపోయిన ముఖం ఏడాదికేడాది ఇంకా స్పష్టంగా కనిపిస్తోంది.