అడుగున ఉన్న అగ్గిపెట్టె

మా నాన్న మొయినాబాద్ రోడ్డు మీద కిరాణా కొట్టు నడిపినన్నాళ్లూ ఆయన నోట "ఒకటి" అనే మాట నేను వినలేదు. బియ్యం కొలిచినా పప్పు కొలిచినా, మొదటి మానెడు సంచిలో పడగానే "లాభం" అనేవాడు. తర్వాత రెండు, మూడు, నాలుగు. పాతకాలపు కొట్లలో అందరూ అంతే, శుభం కోసం మొదటి కొలతను లాభమని పిలుస్తారు. పిల్లలెందరని ఎవరైనా అడిగినా ఆయనది అదే వరస. ముందు గాలిలో చెయ్యి ఊపి "లాభం" అనేవాడు. తర్వాత నా తల మీద చెయ్యి వేసి "రెండు", తమ్ముడి తల మీద వేసి "మూడు". అడిగినవాళ్లు నవ్వేవాళ్లు. నన్ను పిలవడం కూడా "రెండోడా" అనే. ఇంటికి పెద్దకొడుకును, రెండోడిని ఎట్లా అయ్యానో నేనెప్పుడూ అడగలేదు. గల్లాపెట్టె పక్కన పెరిగినవాడిని, నాకు నష్టం లేని సంగతుల జోలికి పోను.

ఆ కొట్టు ఇప్పుడు తమ్ముడు చూసుకుంటున్నాడు. అమ్మ నా దగ్గర ఉంటుంది. నేను రోజూ బస్సెక్కి చేవెళ్ల దాటి ఒక ఊరి బడికి వెళ్లి, మూడో తరగతికి లెక్కలు చెబుతాను. సారు అన్న పిలుపు వచ్చింది గానీ బుద్ధి మారలేదు. చాక్‌పీసుల డబ్బా కొంటే పైన డస్టర్ కొసరు వెయ్యమంటాను.

నిరుడు వానలు వెనకబట్టాక దత్తాంశం పాఠం వచ్చింది. వివరాలు సేకరించడం, వాటిని పటంగా పేర్చడం, పటం చూసి ఏం తెలిసిందో చెప్పడం. పుస్తకంలో మామిడిపళ్ల బొమ్మలున్నాయి. ఎవరి మామిడిపళ్లో తెలియకుండా పిల్లలు ఎందుకు లెక్కపెట్టాలి? "మీ ఇంట్లో ఎంతమంది?" అన్న ప్రశ్న తీసుకున్నాను. మనిషికొక అగ్గిపెట్టె. పెద్ద అట్ట మీద అడుగున ఒక గీత, గీత కింద పిల్లల పేర్లు. ఒక్కో పేరు పైన పెట్టెలు ఒకదాని మీద ఒకటి అతికిస్తూ పోతే, ఎవరి ఇల్లు ఎంత ఎత్తో తలుపు దగ్గర నుంచే కనిపిస్తుంది.

ఖాళీ పెట్టెలు దొరకలేదు. అందరి ఇళ్లలో లైటర్లే. చివరికి తమ్ముడి దగ్గరే బేరమాడి నిండు పెట్టెలు తెచ్చాను. పుల్లలన్నీ ఒంపి, బడిలో మధ్యాహ్న భోజనం వండే అవ్వకు ఇచ్చాను. ఊరికే ఇవ్వలేదు, రోజూ నా పళ్లెంలో ఒక గరిటె పప్పు ఎక్కువ వెయ్యాలని ఒప్పందం. ఆమె పుల్లల కుప్పను చూసి, నన్ను చూసింది.

"పెట్టెలేమో మీరు ఉంచుకుంటిరి. ఈ పుల్లలు యాడ గియ్యాలె సార్, మీ వీపు మీదనా?"

నిండు పెట్టె ఒకటి ఆమెకిచ్చి బయటపడ్డాను. ఆ పప్పు గరిటె సంగతి మళ్లీ ఎత్తలేదు.

నమూనాకి మా ఇంటి వరస నేనే అతికించాను. అమ్మ, మా ఆవిడ, మా పాప, నేను. అలవాటు కొద్దీ నోట్లోంచి "లాభం, రెండు, మూడు, నాలుగు" అని వచ్చింది. కిటికీ పక్కన కూర్చునే పిల్ల ఒకతి లేచి నిలబడింది. మాటలు తక్కువ పిల్ల. వానాకాలంలో చాలా రోజులు బడికి రాలేదు, జ్వరమేమో అనుకున్నాను.

"లాభం అంటె ఎవరు సార్?"

"ఎవరు గాదు బిడ్డా. మొదటిదాన్ని ఒకటి అనరు. గట్ల అంటరు, గంతే."

"పేరు వెట్టి పిలువకున్నా లెక్కల ఉంటదా?"

"ఎందుకుండది? అందరికన్న కింద ఆమెనే ఉంటది. తక్కినోళ్లంత ఆమె మీదనే నిలవడ్తరు."

నేను "ఆమె" అన్నానని అప్పుడు గమనించలేదు.

పిల్లలు పెట్టెలు ఇంటికి తీసుకెళ్లి, ఇంట్లో మనుషులను లెక్కపెట్టుకుని మర్నాడు తెచ్చి అతికించారు. పద్నాలుగు మంది పిల్లలు, నా నమూనా వరస కాక అరవై రెండు పెట్టెలు. ఎత్తైన ఇల్లు ఎవరిది, పొట్టి ఇల్లు ఎవరిది, ఎవరివి సమానం అని అడుగుతుంటే పోటీలు పడి జవాబులు చెప్పారు. ఆ రోజు నా అంత మాస్టరు జిల్లాలో లేడనుకున్నాను.

సాయంత్రం పెద్ద మేడం వచ్చి అట్ట ముందు నిలబడి లెక్కపెట్టింది.

"ఎల్లుండి మండలం నుంచి సార్ వస్తుండు. ఇంటింటి సర్వే కాయితంల మీ తరగతి పిల్లల ఇండ్లల్ల అరవై ఒక్కరే ఉన్నరు. మీ గోడ మీద అరవై రెండు. లెక్కల పాఠంలనే లెక్క తప్పితె మనల్ని ఏమనుకుంటడు?"

ఎక్కువైంది కిటికీ పక్క పిల్ల వరసలో. కాగితంలో ముగ్గురు, అట్ట మీద నాలుగు పెట్టెలు. గిన్నెలు కడుగుతున్న వంట అవ్వను అడిగాను. ఆమె తలెత్తలేదు.

"ఆ ఇంట్ల తండ్రి, ముసలవ్వ, పిల్ల. తల్లి వానకాలంల పోయె గద సార్. జరమొచ్చి పట్నం దవాఖానకు పోయింది, మల్ల రాలే. మీకు ఎరుకనే అనుకున్న."

నాకు ఎరుక లేదు. హాజరు పట్టీలో ఆ రోజులన్నిటికీ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టింది నేనే.

మర్నాడు ఆ పిల్లను వరండాలోకి పిలిచాను. మెల్లగా చెప్పాలనే అనుకున్నాను. కానీ నా నోటికి వచ్చిన భాష ఒక్కటే.

"నీ వరుసల మూడు ఉండాలె గద బిడ్డా."

"నాలుగు సార్."

"మీ అమ్మ ఇప్పుడు ఇంట్ల లేదు గద."

"మా బాపు చందనవెల్లి కంపెనీకి పోతడు. ఆయన గూడ పొద్దంత ఇంట్ల ఉండడు. ఆయనను లెక్కవెట్టిన్రు."

"ఆయన వొస్తడు గద మల్ల."

ఆ పిల్ల చెప్పుతో నేల మీద గీత గీస్తూ నిలబడింది.

"పోనీ, ఒక పెట్టె పక్కకు అతికిద్దాం. రంగు కాయితం చుట్టి. మంచిగుంటది."

"పక్కకెందుకు సార్? మా అవ్వ అమ్మను ఉన్నదనే అంటది. ప్రభువు దగ్గర ఉన్నదంటది. లేదని అనది."

మా నాన్న బేరంలో చివరి అస్త్రం మౌనం. ఎదుటివాడు ఉండలేక దిగివచ్చేదాకా త్రాసు వంక చూస్తూ కూర్చునేవాడు. నేనూ మౌనం పట్టాను. ఆ పిల్ల నాకంటే బాగా పట్టింది. గంట కొట్టారు. ఇద్దరం లోపలికి వెళ్లాం.

నాలుగు గంటలకు పిల్లలు వెళ్లిపోయాక అట్ట దగ్గరికి వెళ్లాను. పటంలో ఏ పెట్టె అయినా ఒక్కటే, దేనికీ ఎక్కువ తక్కువలు లేవు. నేను చెప్పిన పాఠం అదే. అందుకే అందుబాటులో ఉన్న పై పెట్టెను లాగాను. అట్ట పొర కొంత దానితో పాటు ఊడి వచ్చింది. పెట్టెను చొక్కా జేబులో వేసుకుని బస్సెక్కాను.

బస్సు కుదిపినప్పుడల్లా జేబులో ఏదో లొడలొడలాడింది. పుల్ల మిగిలిపోయిందేమో అనుకున్నాను. కానీ పుల్ల చప్పుడు అట్లా ఉండదు. పుట్టిందగ్గర్నుంచీ విన్న చప్పుడు అది, నాకు తెలుసు. ఇది గట్టిగా, చిన్నగా, ఆగి ఆగి వినిపిస్తోంది. పక్క సీటాయన నా జేబు వంక రెండుసార్లు చూశాడు. చేత్తో అదిమి పట్టుకున్నాను. మొయినాబాద్‌లో దిగి, ఇంటికి నడిచి, గడప మీద కూర్చుని తెరిచాను.

పాలపన్ను. వేరు దగ్గర ఎండిన రక్తపు చార ఇంకా ఉంది.

లోపల అమ్మ రాత్రికి బియ్యం కొలుస్తోంది. "లాభం," అంది గిన్నెలో ఒంపుతూ. "రెండు." ఆ మాట చిన్నప్పటి నుంచి వేలసార్లు విన్నాను. ఆ సాయంత్రం మాత్రం నా వీపు మీద ఎవరో చెయ్యి పెట్టినట్టయింది.

"అమ్మా, బాపు నన్ను రెండోడని ఎందుకనేటోడు?"

అమ్మ కొలత గిన్నె కింద పెట్టింది. "నీకన్న ముందు ఒక పిల్ల పుట్టింది. పదకొండు దినాలున్నది. తొట్టెల గూడ వెయ్యలే. పేరు లేదు."

"నాకు ఎన్నడు చెప్పలేదు మీరు."

"మీ బాపు రోజు చెప్పిండు గదరా. నువ్వు యినలే."

మళ్లీ గిన్నె అందుకుంది. ఎంతవరకు కొలిచిందో మర్చిపోయినట్టుంది, బియ్యం డబ్బాలో తిరిగి పోసి, మొదటి నుంచి మొదలుపెట్టింది. నేను లోపలికి వెళ్లలేదు. నా తల మీద పడకముందు గాలిలో ఆగే మా నాన్న చెయ్యి ఎంత ఎత్తులో ఆగేదో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. నాకంటే కాస్త ఎత్తులోనే ఆగేది. ప్రతి ఏడూ కాస్త పైకి పోయేది. నాతో పాటు పెరిగేది.

మర్నాడు హాజరు పిలిచాను. కిటికీ పక్క పిల్ల పేరు దగ్గర జవాబు రాలేదు. తలెత్తి చూస్తే అక్కడే కూర్చుని ఉంది, నన్నే చూస్తోంది. మళ్లీ పిలిచాను. మూడోసారి పిలిచాను.

"ఉన్నవు గద బిడ్డా, ఎందుకు పలుకుతలేవు?"

"నేను లేను సార్. మీరే తీసేసిన్రు."

"నిన్నెక్కడ తీసిన?"

లేచి అట్ట దగ్గరికి వెళ్లింది. గీత మీది పెట్టె నుంచి ఒక్కొక్కదాన్నే ముట్టుకుంటూ పైకి వచ్చింది. "లాభం అమ్మ. రెండు అవ్వ. మూడు బాపు." చిరిగిన అట్ట మీద వేలు పెట్టి ఆగింది. "గీడ నేను."

బేరంలో ఓడిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. ఇది బేరం కూడా కాదు. ఒప్పుకోని మనిషి వెనక నుంచి వెళ్లి సరుకు ఎత్తుకొచ్చాను, అదీ తప్పు సరుకు. జేబులోంచి పెట్టె తీసి ఆ పిల్ల చేతిలో పెట్టాను. చెవి దగ్గర ఊపి చూసుకుంది, తెరవలేదు. అప్పుడు తెలిసింది, అందరి పెట్టెల్లోనూ ఏదో ఒకటి ఉందట. తాత బీడీ ముక్క, చెల్లె గాజు పెంకు, నాన్న చొక్కా గుండీ. పెట్టె ఖాళీగా ఉంటే అది ఎవరిదో ఎట్లా తెలుస్తుందని వాళ్లలో వాళ్లు అనుకున్నారట. నా వరసలోని నాలుగు మాత్రమే నిజంగా ఖాళీ.

"మండలం సార్ ఇయ్యాలనే వొస్తడు," అన్నాను పిల్లలతో. "కాయితంల అరవై ఒకటున్నది, మనకాడ అరవై రెండు. లెక్క తప్పిందా?"

ముందు వరసలో ఒక పిల్ల లేచింది. "ఎవరెవరిని లెక్కవెట్టాలెనో మీరు ముందుగాల చెప్పలే గద సార్."

నిజమే. సేకరించడానికి ముందు చెప్పాల్సిన మాట అదొక్కటే, అదే చెప్పలేదు. అట్ట పైన అంటించిన ప్రశ్న చీటీ పీకి, పిల్లలనే కొత్తది రాయమన్నాను. చేతులెత్తించి తేల్చుకున్నారు. "మీ ఇంట్లో ఎంతమంది?" పోయి, "మీవాళ్లు ఎంతమంది?" వచ్చింది. పై పెట్టెను మళ్లీ అతికించే పని ఆ పిల్లకే ఇచ్చాను. తర్వాత హాజరు మొదటి నుంచి పిలిచాను. ఆమె పేరు దగ్గర "ఉన్న సార్" వినబడ్డాకే కింది పేరుకు వెళ్లాను.

మండలం సారు వచ్చి, కాగితం చూసి, అట్ట చూసి, ఒకటి ఎక్కువుందన్నాడు. ప్రశ్న వేరే సార్ అన్నాను. ఆ వరస ఎవరిదని అడిగి, పిల్లను లెక్కపెట్టమన్నాడు. ఆ పిల్ల అడుగు నుంచి మొదలుపెట్టింది. "లాభం" అనగానే ఆయన మొహం మారింది.

"మా తాత వడ్లు గిట్లనే కొలిచేటోడు," అని నాలుగు దాకా విని, సంతకం చేసి వెళ్లిపోయాడు.

ఎండాకాలం సెలవుల ముందు అట్ట దించాం. ఎవరి వరస వాళ్లు తీసుకుపోయారు. ఆ పిల్ల అడుగు పెట్టె ఊడదీయడానికి తన చేతుల్ని నమ్మక, నన్ను తీయమంది. బ్లేడుతో తీశాను. చెవి దగ్గర పెట్టుకుని ఊపలేదని రాయాలని ఉంది. ఊపాను. చప్పుడు రాలేదు. తెరవకుండా ఇచ్చేశాను.

నా వరస ఉన్న అట్ట ముక్క ఇంటికి తెచ్చాను. గీతకు ఆనుకుని నాలుగు పెట్టెలు. అడుగున ఇంకొకటి పెట్టాలంటే చోటు లేదు, అందరినీ లేపి ఒక మెట్టు పైకి జరపాలి. గడప మీద కూర్చుని ఒక్కొక్కటే ఊడదీయడం మొదలుపెట్టాను. అమ్మ కాసేపు చూసి లోపలికి వెళ్లింది. దేవుడి గూట్లోంచి అగ్గిపెట్టె తెచ్చి, పుల్లలు కొంగులో ఒంపుకుని, ఖాళీ పెట్టె నా చేతిలో పెట్టింది.

"జర నిమ్మలంగ అతికియ్," అంది.