పెంచమంటే పెంచాలంతే

రత్నమణి అక్క పదకొండేళ్ళు ఆటో తోలింది. జగ్గయ్యపేటలో ఆమె ఆటో ఎక్కనివాళ్ళు ఉండొచ్చు గానీ, ఆమె చేత తిట్లు తిననివాళ్ళు లేరు. ఆ లెక్కన నేను పాత కస్టమర్‌ని. పోయినేడాది ఆటో తీసేసి కరెంటు కారు కొంది. రోజూ ముగ్గురు టీచర్లను నందిగామ బడికి తీసుకెళ్ళి, బడి వదిలాక తీసుకొస్తుంది. ఆమెకు ఆ ట్రిప్పే ఆధారం. అది పోతే కారూ ఆమే గుమ్మం ముందు ఎండలో కూర్చోవాల్సిందే.

ఆ కారులో ఏసీకి చేత్తో తిప్పే నాబ్ ఒక్కటీ లేదు. అంతా పలకంత తెర మీదే, ఎక్కడో మూడో పేజీలో. హైవే మీద ముందో లారీ, వెనకో లారీ. పేజీలు తిప్పుతూ తోలితే తిన్నగా పరలోకమే. ముందు సీట్లో కూర్చునే ఫ్లోరెన్స్ టీచర్ ఓసారి సాయం చేయబోయి, వెనకద్దాన్ని వేడిచేసే బొమ్మ నొక్కింది. ఆ రోజు నుంచి తెర మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదని అక్క రూలు.

ఇక మిగిలింది నోటిమాట. స్టీరింగ్ మీది బటన్ నొక్కి చెబితే కారు వింటుంది. నాకు సెల్‌ఫోన్ రిపేరు షాపుంది. ఆ కారుకి తెలుగు పెట్టింది నేనే కాబట్టి పాపంలో నాకూ వాటా ఉంది.

"ఏసీ పెంచు" అంది అక్క మొదటిరోజు.

"ఉష్ణోగ్రత పెంచుతున్నాను" అంది కారు, వార్తలు చదివే అమ్మాయిలాగా. ఇరవై ఆరు కాస్తా ఇరవై ఎనిమిదైంది.

"పెంచవే!"

ముప్పై.

నేను నవ్వాపుకుని చెప్పా. "అది డిగ్రీలు పెంచుతుందక్కా. చల్లగా కావాలంటే తగ్గించమనాలి."

"ఏరా, ఫ్యాను పెంచితే ఏమవుద్ది?"

"చల్లబడుద్ది."

"కూలరు పెంచితే?"

"చల్లబడుద్ది."

"మరి దీనికేం రోగం? ఊరంతా పెంచమంటుంటే ఇదొక్కటి తగ్గించమనాలంటదా? నేననను. దాన్నే నేర్చుకోమను."

సర్వీసు సెంటర్‌కి వెళ్తే అక్కడి మేనేజరు కూడా అదే పాట. "ఉష్ణోగ్రత తగ్గించు అనండి మేడం, చాలు."

"నేను కొనుక్కున్న బండికి నేను పాఠం అప్పజెప్పాలా అండీ?" అని, వాళ్ళ ఫిర్యాదుల పుస్తకంలో 'ఈ కారుకు తెలుగు రాదు' అని రాసి సంతకం పెట్టి వచ్చింది.

ఇంతలో ఏప్రిల్ వచ్చింది. ఒంటిపూట బడులు. మిట్టమధ్యాహ్నం తిరుగు ప్రయాణం. ఎండలో నిలబడిన కారు లోపల అట్లు పోసుకోవచ్చు. అక్క పెంచమంటుంది, కారు పెంచుతుంది. చివరికి అక్కే అద్దాలు దించుతుంది. వడగాలి, లారీల దుమ్ము, అన్నీ కలిసి టీచర్ల ఒళ్ళో కూర్చుంటాయి.

ముగ్గురిలో పెద్దాయన వరప్రసాదరావు మాస్టారు. చెప్పేది తెలుగే. గురువారం ఆయన ఓపిక అయిపోయింది.

"మణీ, కారు అన్నదే రైటు. పెంచు అన్నావు, దేన్ని? వాక్యంలో కర్మ ఏది? నువ్వా ఒక్క మాట మార్చుకో. లేదంటే సోమవారం నుంచి మేము భవానీప్రసాద్ వ్యాన్‌లో పోతాం."

ఫ్లోరెన్స్ టీచర్, మాస్టారి పక్కనున్న సుస్మిత టీచర్ కిటికీల్లోంచి పొలాలు చూస్తూ కూర్చున్నారట.

ఆ సాయంత్రం అక్క కారును రెండుసార్లు కడిగింది. "ఒక్క మాటే కదక్కా" అన్నా.

"ట్రిప్పు పోతే పోయిందిరా. నోరు కూడా పోగొట్టుకోనా?" అంది గానీ, మూడోసారి బకెట్టు నింపింది.

శనివారం నాకు నందిగామలో పనిపడి తిరుగు ట్రిప్పులో వెనక సీట్లో ఇరుక్కున్నా. అంబారుపేట దాటాక మాస్టారికి ఇంటి నుంచి ఫోనొచ్చింది.

"వచ్చేస్తున్నానే. ఏంటీ, ఉక్కపోస్తుందా? కూలరు పెంచు..."

అక్క బొటనవేలు స్టీరింగ్ బటన్ మీదికి జరగడం నేను చూశా.

"...ఇంకా పెంచు. ఫుల్లుగా పెంచవే!"

"ఉష్ణోగ్రత పూర్తిగా పెంచుతున్నాను" అంది కారు. మొహాల మీదికి పొయ్యిలోంచి వచ్చినట్టు సెగ కొట్టింది.

"ఎవరండీ ఆ ఆడగొంతు?" ఫోన్లోంచి మాస్టారి భార్య అరుపు అందరికీ వినిపించింది.

మొదట సుస్మిత టీచర్ పగలబడి నవ్వింది. "మాస్టారూ, వాక్యంలో కర్మ ఏదండీ?"

"నాదేనమ్మా" అన్నారు మాస్టారు, చెమటకు జారిపోతున్న కళ్ళజోడు పట్టుకుని.

"అమ్మగారికి చెప్పండి మాస్టారూ, కూలరు తగ్గించుకోమని. వాక్యం సరిగ్గా ఉండాలి గదా" అంది అక్క రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

చిల్లకల్లు దాకా ఆయన చేతిరుమాలుతో విసురుకుంటూనే ఉన్నారు. తర్వాత ముందుకు వంగి, "బటన్ నొక్కు మణీ" అన్నారు. "ఉష్ణోగ్రత ఇరవైకి తగ్గించు."

చల్లగాలి వచ్చింది.

"నువ్వు పెంచమనే అను. ఇంట్లో నేనూ అట్టాగే అంటన్నాగా" అన్నారు.

సోమవారం పొద్దున భవానీప్రసాద్ వ్యాన్ సెంటర్లో హారన్ కొడుతూనే ఉంది. మాస్టారు దాని పక్కనుంచే నడిచొచ్చి, ఫ్లోరెన్స్ టీచర్‌ను వెనక్కి పంపి, ముందు సీట్లో కూర్చున్నారు.

అక్క అద్దాలెత్తి బటన్ నొక్కింది. "పెంచమనండి మాస్టారూ."

మాస్టారు గొంతు సవరించుకుని, తగ్గించమని కారుకు చెప్పారు.