నాకు నెత్తళ్లు, అతనికి నాటుకోడి

మా అత్తకి ఇద్దరు అల్లుళ్లం. పెద్దవాణ్ణి నేను, పలాసలో ఒక ఆఫీసులో గుమస్తాని. చిన్నవాడికి టెక్కలిలో సిమెంటు కొట్టుంది. అతనికి కారుంది, నాకు పాసింజరు రైలుంది. అంతవరకే అయితే నేనేమీ అనుకునేవాణ్ణి కాదు. కానీ కంచిలి దగ్గర కొబ్బరితోటల మధ్య ఉన్న అత్తవారింటికి అతను వెళ్తే నాటుకోడి కూర, నేను వెళ్తే ఎండు నెత్తళ్లు, వంకాయ! పెళ్లయినప్పటి నుంచీ ఇదే వరస.

ఎండుచేపల వాసన నాకు చిన్నప్పటి నుంచీ పడదు. అయినా వంచిన తల ఎత్తకుండా తినేసి చేయి కడుక్కునేవాణ్ణి. నోరు తెరిచి చెప్పొచ్చుగా అంటారేమో. ఏమని చెప్పను? అడిగి పెట్టించుకున్న కోడి కూడా ఒక కోడేనా? అల్లుడికి ఏం వండాలో వాళ్లకే తెలియాలి. మా ఆవిడని కూడా చెప్పనివ్వలేదు.

తిరుగు రైలు ఎక్కామో లేదో మా ఆవిడ మీద ఎగిరేవాణ్ణి.

"కారున్నవాడికి కోడి, రైలెక్కినవాడికి ఎండుచేప. చూశావా మీ అమ్మ న్యాయం?"

"ఏటండీ, సిన్నపిల్లల్లాగ! అమ్మకి ఇద్దరల్లుళ్లూ ఒకటే."

"ఒకటే అయితే కూర కూడా ఒకటే ఉండాలిగా!"

పాపం, ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేది. నా కడుపు మాత్రం మండుతూనే ఉండేది. అతని కుర్చీ ఫ్యాను కింద వేశారా లేదా, అతనికిచ్చిన కొబ్బరిబొండం ఎంత పెద్దది, అన్నీ నా కంట్లో పడేవి. ఒకసారి అత్త తోటలో మొదట పండిన పనసపండు నా సంచిలో పెట్టి పంపింది. ఆ చెట్టు తొనలు పీచుగా ఉంటాయని ఎవరో అన్నది గుర్తొచ్చి, అతనికి ఇవ్వడానికి పనికిరానిది నాకు అంటగట్టిందని తేల్చేశాను. నాకు పచ్చకామెర్లు వచ్చినప్పుడు అత్త పనులన్నీ మానుకుని మా ఇంట్లో కూర్చుని పథ్యం వండిపెట్టింది. అప్పుడు చిన్నల్లుడు ఊళ్లో లేడు కాబట్టి వచ్చింది, లేకపోతే వచ్చేదా? అదీ నా లెక్క.

కాలేజీలో చదివే మా అమ్మాయి ఒకరోజు ఇదంతా విని నవ్వింది. "నాన్నా, దీన్ని కన్ఫర్మేషన్ బయాస్ అంటారు. నువ్వు తీర్పు ముందే రాసేసుకున్నావు. ఇప్పుడు దానికి సరిపోయే సాక్షుల్ని మాత్రమే పిలుస్తున్నావు" అంది.

"అలాగా? మరి మీ బాబాయి ఏం చదివాడని అతనికి కోడి?" అని దాని నోరు మూయించాను.

పోయినేడు అత్తకి కాళ్లు వాచాయి. మా ఉద్దానంలో కాళ్లు వాస్తే ఎవరూ ఏమీ అడగరు, రక్తపరీక్షకి తీసుకెళ్తారు. అనుకున్నట్టే కిడ్నీ జబ్బు. ఉప్పు బాగా తగ్గించాలని, ఆవకాయ, అప్పడం, ఎండుచేప ముట్టుకోనే కూడదని, వారం వారం పలాస ఆసుపత్రికి రావాలని డాక్టరు చెప్పాడు. తోటలో ఒంటరిగా ఉంటే కుదరదు. ఎవరో ఒక కూతురింట్లో ఉండాలి.

ఆసుపత్రి మా ఇంటికి కూతవేటు దూరం. మా ఆవిడ ముందుగది కడిగింది. ఎత్తు తక్కువ మంచం కొనిపించి కిటికీ పక్కన వేయించింది. ఉప్పు లేకుండా ఏమేం వండొచ్చో ఇరుగుపొరుగునల్లా అడిగి తెలుసుకుంది. అమ్మని దగ్గర పెట్టుకుని చూసుకోవాలని ఆవిడకి ఎంత ఆశో ఇల్లంతా కనబడుతూనే ఉంది.

"రాదు," అన్నాను నేను. "కారున్న ఇంటికే పోతుంది, చూస్తూ ఉండు."

అన్నట్టే అత్త టెక్కలి వెళ్లింది. "చెప్పానా?" అన్నాను. నిజం చెప్పొద్దూ, ఆ పూట నాకు బాధకన్నా గెలిచానన్న పొగరే ఎక్కువగా ఉంది. మా ఆవిడ మంచం మీది కొత్త దుప్పటి మడతపెట్టింది.

కొన్నాళ్లకి ఆవిడే అంది, "మీరెళ్లి పిలవండి. అల్లుడు నోరిడిసి అడిగితే అమ్మ కాదనదు" అని. సరే, ఆదివారం టెక్కలి వెళ్లాను.

తోడల్లుడు గుమ్మంలోనే అందుకున్నాడు. "రా అన్నా. అత్తకి ఏటి మందు పెట్టినావో సెప్పు, నీకు దండవెడతాను."

"నేనా?"

"మరెవులు? నా పెళ్లయిన కాడినుంచి నీకోసం భావనపాడు ఎల్లి, సేపలెండేసే కాడ ఎండలో నిలబడి, సన్న నెత్తళ్లు ఏరించి తెచ్చింది నాను. కారంతా కంపు! పెద్దల్లుడు వత్తన్నాడంటే సాలు, నాకు ఫోను. మరి నాకేటి పెట్టింది? పెరట్లో తిరిగే కోడి! అది కూడా ముసిల్ది. నమల్నేక దవడలు నొప్పెట్టీవి."

ఇన్నేళ్లూ నేను ఎవణ్ణి చూసి కుళ్లుకున్నానో వాడు నన్ను చూసి కుళ్లుకున్నాడు! ఆ సంగతి తెలిసి, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, కొంచెం హాయిగా కూడా అనిపించింది.

లోపల అత్త మంచం మీద కూర్చుని ఉంది. మొహం వాచింది. నన్ను చూడగానే పైట సర్దుకుని, "వచ్చీసినారా బాబూ" అంది.

"అత్తా, మా ఇంటికి రా. ఆసుపత్రి పక్కనే. మీ అమ్మాయి నీకోసం మంచం కూడా వేయించింది."

"నానెలా వత్తాను బాబూ? ఎండుసేప వాసన తగిల్తే నా నోరు కట్టుకోనేను. మీకేమో అది నేకపోతే ముద్ద దిగదు. నా మూలాన మీరు నోరు కట్టుకోవాలా?"

"అది లేకపోతే ముద్ద దిగదని నీకెవరు చెప్పారు?"

"ఒకరు సెప్పాలా? మనుగుడుపులకి వచ్చినప్పుడు నాను సూడనేదా? ఇస్తట్లో కోడికూర అలాగే ఉండిపోయింది. నెత్తళ్లు మాత్రం మళ్లీ మళ్లీ ఏయించుకున్నారు."

అప్పుడు గుర్తొచ్చింది. కొత్తల్లుడిగా ఆ ఇంట్లో నా మొదటి భోజనం. విస్తట్లో కోడి ఉంది, పక్కన నెత్తళ్లూ ఉన్నాయి. నచ్చనిది ముందు తినేసి, నచ్చింది చివరికి దాచుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. నెత్తళ్లు గబగబా మింగేశాను. ఖాళీ అయిన చోట ఆవిడ మళ్లీ వేసింది. మొహమాటం కొద్దీ అదీ తిన్నాను. మళ్లీ వేసింది. కోడి దగ్గరికి వచ్చేసరికి కడుపు నిండిపోయింది.

"అత్తా, నాకు ఎండుచేపలంటే అస్సలు పడదు. మొదటి నుంచీ పడదు. ఒట్టు!" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. కళ్లనిండా నీళ్లు. గుమ్మంలో ఉన్న చిన్నల్లుడి వైపు తిరిగి, "సూడు బాబూ సూడు! నన్ను తీసుకెల్డానికి ఎంతలేసి అబద్దాలాడతన్నారో! ఇలాటి అల్లుడు ఎవులికి దొరుకుతాడు?" అంది.

మళ్లీ ఒట్టేశాను. పిల్లల మీద ఒట్టేశాను. నేను ఒట్టేసినకొద్దీ ఆవిడకి నా మంచితనం మీద నమ్మకం పెరుగుతోంది. ఈ జబ్బు నాకు కొత్తేమీ కాదు. పీచుగా ఉందన్న పనసపండు దగ్గర నేను చేసిన పనే ఆవిడ నా మాటల దగ్గర చేస్తోంది. తేడా అల్లా నేను కుళ్లుతో చేశాను, ఆవిడ ప్రేమతో చేస్తోంది.

వచ్చేటప్పుడు తోడల్లుడు కారులోంచి నెత్తళ్ల సంచి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నిన్ననే తెప్పించింది. నీకే," అన్నాడు పళ్లు కొరుకుతూ.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని వీధి చివరిదాకా చూసింది. లోపల మంచం మీద ఆ దుప్పటి మళ్లీ పరిచి ఉంది.

"అది కాదే, అసలు సంగతేమిటంటే..." అని మొదలుపెట్టాను.

"ఎందుకులెండి, మీరు ముందే సెప్పారుగా, అమ్మ మనింటికి రాదని," అని నా చేతిలోని సంచి అందుకుంది.