మేష్టారి పిండి, మేస్ట్రో మీల్

మా బావగారికి గొంతు ఆపరేషన్ అయ్యాక ముద్ద దిగడం మానేసింది. నీళ్లలా ఉన్నదైతే గుటకేసేవారు, కాస్త గట్టిగా ఉన్నది ఏదైనా అక్కడే ఆగిపోయేది. కాకినాడలో డాక్టరుగారు ఇంటికి పంపిస్తూ ఒక్క మాట గట్టిగా చెప్పారు. నోటితో తీసుకున్నది చాలక బరువు తగ్గుతూ పోతే పొట్టకి చిల్లు పెట్టి గొట్టం వేయాలి, ఇక ఆహారమంతా దాన్లోంచే పోయాలి అని. పనసపొట్టు కూర ఉందంటే పెళ్లిలో రెండో బంతిలో కూడా కూర్చున్న మనిషి ఆయన. ఆ గొట్టం మాట విన్న దగ్గర్నుంచి మాట్లాడుతూ మాట్లాడుతూ చొక్కా మీద నుంచే పొట్ట తడుముకునేవారు.

మా అక్క ఏడుస్తూ కూర్చోలేదు. ఎర్రబియ్యం, పెసలు, మినపగుళ్లు, వేరుశనగపప్పు దేనికది విడిగా దోరగా వేయించింది. ఎండుకొబ్బరి కోరి, జీలకర్ర, చిటికెడు శొంఠి తగిలించి, మర పట్టించి, పలచటి గుడ్డలో జల్లించింది. ఆ పిండి జావలా కాచి, చల్లార్చి, ఉప్పూ మజ్జిగా కలిపి ఇస్తే బావగారు గ్లాసంతా తాగారు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఆయనకి అదే టిఫిను, అదే భోజనం. బరువు తగ్గడం ఆగింది. మాకందరికీ ఊపిరి వచ్చింది.

ఇక చుట్టుపక్కలవాళ్లు ఊరుకుంటారా. బాలింతకి కాస్త, పళ్లు లేని అత్తగారికి కాస్త, జ్వరం పడి లేచిన పిల్లాడికి కాస్త అంటూ గిన్నెలు పట్టుకొచ్చారు. బావగారు కొత్తపేటలో చాలా ఏళ్లు లెక్కలు చెప్పారు కాబట్టి దానికి పేరు పెట్టే శ్రమ కూడా జనం మాకు ఇవ్వలేదు. మేష్టారి పిండి అన్నారు, అంతే. అడిగేవాళ్లు ఎక్కువయ్యాక అక్క పొట్లాలు కట్టి అమ్మడం మొదలుపెట్టింది.

అక్కడ నా ప్రవేశం. అమలాపురంలో నాకో చిన్న ప్రింటింగ్ షాపుంది. శుభలేఖలు, ఫ్లెక్సీలు, కరపత్రాలు వేస్తాను. పుట్టినరోజు ఫ్లెక్సీలో ఎంత పిరికివాణ్ణయినా సింహం పక్కన నిలబెట్టి నవ్వించగల ప్రతిభ నాది. అలాంటి నేను పొట్లం మీద ఒక లేబుల్ వేయలేనా? మొదటి లేబుల్ మీద పేరు, ఊరు వేసి, లోపల ఏమేం ఉన్నాయో రాయాలి చెప్పవే అన్నాను. అక్క ఆలోచించి, అన్నీ మంచివే అని రాయమంది. నేను అలాగే వేశాను. "ఇందులో ఉన్నవి: అన్నీ మంచివే." ఇన్నేళ్ల నా వృత్తిలో నేను అచ్చువేసిన వాటిల్లో పూర్తిగా నిజమైన వాక్యం అదొక్కటే.

ఆ వాక్యం ఎక్కువ కాలం బతకలేదు. లైసెన్సు కావాలంటే దినుసులన్నీ పేరుపేరునా, ఎక్కువ వేసింది ముందు, తక్కువ వేసింది చివర రాయాలట. పెళ్లిపిలుపుల్లో పెద్దవాళ్లని ముందు పిలిచినట్టా అని అక్క అడిగింది. అలాగే అన్నాను. ఎన్నాళ్లు నిలవుంటుందో కూడా రాయాలన్నాను. అన్నాళ్లు ఎవరుంచుకుంటారని తెల్లబోయింది. మొత్తానికి రెండో లేబుల్‌లో అన్నీ వచ్చాయి. మాంసకృత్తులు, పీచు, లైసెన్సు నంబరు, తయారుచేసిన తేదీ. పక్కన ఖాళీ మిగిలిపోయిందని కొబ్బరిచెట్టు, కాలవ, పడవ కూడా పెట్టాను. మొదటి కాపీ తీసుకెళ్లి ఐనవిల్లి గుళ్లో స్వామి పాదాల దగ్గర పెట్టించుకొచ్చాం. పరీక్షలకి పెన్నులు పెట్టించుకున్నవాళ్లం, లేబుల్ పెట్టించుకోమా.

అప్పుడు దిగాడు హైదరాబాద్ నుంచి ఆ కన్సల్టెంటు. అమలాపురంలో ఎవరో పెట్టిన స్టాల్లో పిండి చూశాడట. వయసులో నాకంటే చాలా చిన్నవాడు, ఆత్మవిశ్వాసంలో మా తాతగారంత. అక్క ఇచ్చిన జావ తాగకుండానే, ఇది మామూలు పిండి కాదు మేడమ్, మీల్ రిప్లేస్‌మెంట్ అన్నాడు. నేను అక్క కోసం భోజనానికి బదులని తెలుగు చేశాను. అక్కకి మనసు కష్టమనిపించింది. మా వైపు గుమ్మంలోకొచ్చిన మనిషికి భోజనానికి బదులు ఇదిగో అని ఏదైనా చేతిలో పెడితే ఆ మనిషి జన్మలో మళ్లీ గుమ్మం తొక్కడు. తినలేనివాళ్ల సంగతి వేరు గానీ, తినగలిగినవాళ్లకి బదులెందుకండీ అని అడిగింది. అతను చాలా దయగా నవ్వాడు. ఇంకా తెలియనివాళ్లని చూసి నవ్వే నవ్వు అది.

కొన్నాళ్లకి ఫోను చేశాడు. ఆ రోజు నేను అక్కావాళ్లింట్లోనే ఉన్నాను. స్పీకరు పెట్టి, అక్క ముక్కాలిపీట మీద ఎదురుగా ఎవరో పెద్దమనిషి ఉన్నట్టే ఒద్దికగా కూర్చుని విన్నది.

"కొబ్బరి తీసేద్దాం మేడమ్, ఎక్కువ కాలం నిలవుండదు."

"ఆయ్."

"ఉప్పు, జీలకర్ర తీసేసి కొంచెం స్వీట్ చేద్దాం. కొబ్బరి ఫ్లేవర్ బయట నుంచి వేద్దాం."

"ఆయ్ అండీ."

"అసలు వేయించే పని మీకెందుకు? మిక్స్ మేమే పంపిస్తాం. మీరు ప్యాక్ చేస్తే చాలు."

"ఆయ్."

ఫోను పెట్టేసి అక్క, పాపం ఏంటేంటో చెప్పేడురా, మన పని మనం చేసుకుందాం అని పెనం ఎక్కించింది.

ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. మా వైపు ఆయ్ అంటే వింటున్నామని అర్థం. మీరు చెప్పండి, మీ మాట మధ్యలో అడ్డు రావడం మర్యాద కాదు కాబట్టి ఆగాం అని అర్థం. గోదారి నీళ్లు తాగిన ఎవరికైనా ఇది తెలుసు. వద్దని చెప్పాలన్నా ముందు రెండు మూడు ఆయ్‌లు వేసి, మనిషి కుదుటపడ్డాక, ఇంకోసారి చూద్దాంలెండి అంటాం. హైదరాబాద్ పిల్లాడికి అదెలా తెలుస్తుంది. ఒక్కో ఆయ్‌కీ ఒక్కో టిక్కు పెట్టుకున్నాడు. అక్క వంట మొత్తం మూడు ఆయ్‌లకి వెళ్లిపోయింది.

వ్యాను వచ్చింది. బస్తాల నిండా తయారు మిక్స్, అట్టపెట్టెల నిండా జిప్పు కవర్లు. నేను అప్పటికప్పుడే వెనక్కి పంపించెయ్యమన్నాను. అంత దూరం నుంచి తెచ్చేరురా, ఎలా పంపిస్తాం అని అక్క డ్రైవరుకి కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చి, విస్తరేసి భోజనం పెట్టింది. భోజనానికి బదులు ఇచ్చే సరుకు తెచ్చినవాడు సాంబారు రెండుసార్లు వేయించుకుని, పెరుగు అడిగి మరీ తిని, ఆకు మడిచి లేచాడు.

కవరు సంగతి చెప్పాలి. మేష్టారి అన్నది ఫోన్లో వాళ్లకి మేస్ట్రో అని వినపడిందట. మేస్ట్రో మీల్ అని ఇంగ్లీషులో బంగారురంగులో వేశారు. కింద తెలుగు చీమ తలకాయంత. లోపల కొబ్బరి లేదు, కవరు మీద మాత్రం కొబ్బరితోట ఉంది. వాసన కోసం ఎసెన్సు కలిపారు. కోనసీమలో, ఇంటి చుట్టూ ముప్ఫై కాయల గెలలు వేలాడుతుంటే, సీసాలో వచ్చిన కొబ్బరి వాసన అమ్ముకునే యోగం మాకు పట్టింది. ఎవరో సన్నటి అమ్మాయి నడుముకి టేపు చుట్టుకుని నవ్వుతోంది. ఆ టేపుకీ మా బావగారి గొంతుకీ ఏం సంబంధమో ఎవరూ అడగలేదు.

కొత్తపేటలో జనానికి ఆ మేస్ట్రో నోరు తిరగలేదు. రెండ్రోజుల్లో దాన్ని మేస్త్రీ పిండి చేసేశారు. మేస్త్రీ పిండి ఉందాండీ అని అడుగుతూ వచ్చేవారు. జీవితమంతా లెక్కలు చెప్పిన మనిషిని ఒక్క కవరుతో తాపీమేస్త్రీని చేశారు. ఉప్పలగుప్తం నుంచి ఒక చెరువుల ఆసామి ఫోను చేసి, ఇది ఏ సైజు రొయ్యకి వెయ్యాలండీ అని ఎంతో మర్యాదగా కనుక్కున్నారు. రొయ్యల మేత బస్తాల మీదా అలాంటి బంగారురంగు ఇంగ్లీషే ఉంటుంది కాబట్టి ఆయన్ని తప్పుపట్టడానికి లేదు.

నేను నోట్లో వేసుకుని చూశాను. తలకి రాసుకునే నూనెలో పంచదార కలిపినట్టుంది. అక్కకి అదే చెప్పాను. నా మాట కొట్టిపారేసింది. అన్నీ మంచివే అని రాయించిన మనిషి, కవరు వెనకాల విటమిన్ల వరస చూసి తన పిండిని తనే చిన్నచూపు చూడటం మొదలుపెట్టింది. మందు రుచిగా ఉంటుందా, మనదాంట్లో ఏముందిరా, గింజలే కదా అంది. నాకు ఒళ్లు మండిపోయింది. అచ్చులో ఉన్నదల్లా నిజమని నమ్మేవాళ్లలో ముందు వరస మా అక్కదే, వేసేవాణ్ణి తమ్ముడిగా పెట్టుకుని కూడా. బావగారి గ్లాసులో అదే కలిపి పోయడం మొదలుపెట్టింది. వేయించడానికి తీరికా లేదు, పగలంతా ఆ కవర్లు నింపడమే.

ఏమండీ బాగుందా అని అడిగేది. ఆయన ఆయ్, బాగుంది అనేవారు.

గ్లాసు సగం అయ్యాక కడుపు నిండిందనేవారు. మధ్యాహ్నం ఆకలి లేదనేవారు. అక్క ఆ మాటలు నమ్మింది. నేనూ నమ్మాను. ఈలోగా బావగారి చేతి గడియారం మోచేతి దాకా జారడం మొదలైంది. బనీను భుజాల మీద నిలిచేది కాదు. ఇన్ని విటమిన్లు లోపలికి పోతుంటే మనిషి ఎక్కడికి పోతున్నాడో మాకు అంతు పట్టలేదు.

కాకినాడ తీసుకెళ్లాం. బరువు చూసి డాక్టరుగారి ముఖం మారిపోయింది. ఇలాగే ఉంటే వచ్చేసారికి గొట్టం తప్పదన్నారు. బావగారు పొట్ట మీద చెయ్యి వేసుకున్నారు. అసలేం ఇస్తున్నారని అడిగితే అక్క సంచీలోంచి కవరు తీసి, కాస్త గర్వంగానే చేతికిచ్చింది. ఆయన తిప్పి వెనక్కి చూసి, కళ్లజోడు పైకెత్తి మళ్లీ చూశారు.

"అమ్మా, ఇది లావైనవాళ్లు చిక్కడానికి తాగేది. మేష్టారికెందుకు పోస్తున్నారు?"

అక్క నోట్లోంచి ఆయ్ కూడా రాలేదు. కన్సల్టెంటు గురించి ఒక్క మంచి మాట చెప్పుకోవాలి. కవరు మీద రాసింది రాసినట్టు జరిగింది. మా ఇంట్లోనే, అందరికంటే ముందు.

కారులో తిరిగి బయల్దేరాం. రావులపాలెం దాటాక అక్క కిటికీ వైపు చూస్తూనే, బాగోలేదని ఒక్కసారి చెప్పొచ్చు కదండీ అంది. బావగారు జవాబిచ్చారు.

"నువ్వు అంత సంబరంగా కలిపి ఇస్తున్నావు. బాగోలేదని ఎలా అనను?"

నాకు ఆ ఇద్దరి మీదా పట్టలేని కోపం వచ్చింది. మర్యాదకి మర్యాద, మర్యాదకి మర్యాద, మధ్యలో ఒక మనిషి కరిగిపోతున్నాడు. నేను ముందు సీట్లో కూర్చుని ముఖం అటు తిప్పుకున్నాను, ఏడుపు వస్తోందని వాళ్లకి తెలియడం ఇష్టం లేక.

ఇంటికొచ్చి అక్క చేతిసంచీ కూడా దించకుండా ఫోను చేసింది. అతను బ్రాండు అన్నాడు, మార్కెట్ అన్నాడు, మీరే కదా ఒప్పుకున్నారు అన్నాడు. అక్క అలవాటు కొద్దీ ఆయ్ ఆయ్ అంటుంటే నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. అతను ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

"నేను విన్నానండీ. ఒప్పుకోలేదు. బస్తాలకి బండి పంపించండి."

బండి వచ్చేదాకా బస్తాలు వసారాలో పడి ఉన్నాయి. అక్క వాటి వంక చూడలేదు. ఎర్రబియ్యం వేయించడం మొదలుపెట్టింది, కొబ్బరి కోరింది, మరకి తనే వెళ్లింది. లేబుల్ మళ్లీ వెయ్యనా అని అడిగాను. తర్వాత చూద్దువులే అంది. అమ్మకాల మాట ఎత్తలేదు.

జావ కాచి ఇచ్చింది. బావగారు మొదటి రోజు సగమే తాగగలిగారు. తర్వాత కొంచెం కొంచెం పెరిగింది. అక్క ఇప్పుడు బాగుందా అని అడగడం మానేసింది. గ్లాసు చేతికిచ్చి, గోడకి ఆనుకుని నిలబడి, ఆయన గొంతు కదలడం చూస్తూ ఉండేది. అలా చూస్తుంటే నాకే భయం వేసేది.

ఒక ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను. బావగారు రెండు గుక్కలు తాగి గ్లాసు దించారు. ఇక చాలంటారేమో అనుకున్నాను. అక్క గోడ దగ్గర నుంచి కదల్లేదు. ఆయన గ్లాసులోకి చూసి, నాలుక పెదవుల మీద తిప్పుకుని, ముఖం చిట్లించారు.

"ఉప్పు చాలలేదే."

పెళ్లయిన ఇన్నేళ్లలో మా అక్క చేతి వంటకి ఆయన వంక పెట్టడం అదే మొదటిసారి. అక్క గోడ దగ్గర నుంచి కదిలింది. ఉప్పు తెస్తానని వంటింట్లోకి వెళ్లింది. ఉప్పు జాడీ గట్టు మీదే, కళ్లెదురుగానే ఉంటుంది. అయినా అక్క తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. బావగారు గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నారు.