యాదమ్మ మోకాళ్ల నొప్పి, సరళ అడిగిన ప్రశ్న

కరోనా సద్దుమణిగిన ఏడాది. తార్నాకలో మా మెడికల్ షాపుకు అప్పటికి ఇరవై ఏళ్లు. యూనివర్సిటీ హాస్టల్ మెస్‌లో వంట చేసే యాదమ్మ మోకాళ్ల నొప్పులకని వారం వారం వచ్చేది. అడిగిందే తడవు, ఐబుప్రోఫెన్ స్ట్రిప్ కత్తిరించి ఇచ్చేవాణ్ని. చీటీ లేకుండానే అందరూ అమ్మే మందే కదా అని ఇంకేమీ అడిగేవాణ్ని కాదు.

ఒక మధ్యాహ్నం ఆమె వచ్చేసరికి కౌంటర్లో మా ఫార్మసిస్టు సరళ ఉంది. మందు తీయకుండా యాదమ్మ పాదాల వంక చూసింది.

"ఈ వాపు ఎప్పటిసంది అక్కా?"

"పదిహేను దినాలాయె. పొయ్యికాడ నిలవడితే గట్లనే ఉంటది తియ్."

"మూత్రం మంచిగ వస్తుందా? ఇంకేం గోళీలు ఏస్కుంటున్నవ్?"

"నొప్పి గోళీకి ఇన్ని సవాల్లా? పోలీస్ టేషన్ లెక్కున్నదేంది!" అంటూనే సంచీలోంచి రెండు స్ట్రిప్పులు తీసింది. ఒకటి బీపీది, రెండోది ఒంట్లో నీరు తగ్గించేది.

సరళ నా వైపు తిరిగింది. "సార్, మూడూ కలిసినయ్."

ఒక మందు మరో మందు పనిలో కలగజేసుకోవడాన్ని మేం డ్రగ్ ఇంటరాక్షన్ అంటాం. ఐబుప్రోఫెన్ బీపీ మందు పనిని తగ్గిస్తుంది. ఆ రెండు మందులతో కలిస్తే మూత్రపిండాలనూ దెబ్బతీయవచ్చు. ఇది నేనూ చదివిందే. సరళ నొప్పి గోళీ ఆపించింది, బీపీ మందులు మాత్రం సొంతంగా మానొద్దని చెప్పి, ఆ పూటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. మూత్రపిండాల పనితీరు చూపే క్రియాటినిన్ బాగా పెరిగి ఉంది. కొన్ని వారాలకు గాని దిగలేదు. ఇంకొన్నాళ్లు అలాగే వాడి ఉంటే డయాలసిస్ దాకా వచ్చేదేమోనని డాక్టరు అన్నారు.

తర్వాత క్యాంపస్‌లో ఫార్మసీ విద్యార్థులతో మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ కేసే చెప్పాను, కనిపెట్టింది నేనే అన్నట్టు. చప్పట్లు కొట్టారు. అక్కడ టీలు అందిస్తున్న యాదమ్మ దగ్గరికొచ్చి మెల్లగా అంది: "గోళీలిచ్చింది నువ్వు, ఆపింది సరళమ్మ. ఉల్టా చెప్తివేంది సేటూ?"

నవ్వేసి టీ తాగాను. అలా నవ్వినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఇంకేం మందులు వాడుతున్నారో అడగకుండా ఇప్పుడు మా కౌంటర్ మీంచి తలనొప్పి గోళీ కూడా కదలదు. ఆ నియమం సరళ పెట్టింది. నా షాపు గురించి గొప్పగా చెప్పుకోవాలంటే నేను ముందు చెప్పేది అదే.

క్యాంపస్‌కు మరుసటేడు మళ్లీ పిలిస్తే సరళను మాట్లాడమని, నేను వెనక వరసలో కూర్చున్నాను. "మా షాపులో ఒకసారి పొరపాటు జరిగింది" అని మొదలుపెట్టింది. నా పేరెత్తలేదు. నేనే లేచి, "ఆ పొరపాటు నాది. పట్టుకున్నది ఈమె" అన్నాను. ఆమె ముగించాక చప్పట్లు మోగాయి. అందరూ ఆపినా నేను కొడుతూనే ఉన్నాను.