‘న్’ దగ్గర ఆగని పాట

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా మనవరాలు నా పక్కన చేరి, ఫోనులో ఏదో జపాను పాట పెట్టుకుని, తాతయ్యా నీకో కొత్త ఆట నేర్పిస్తానంది. ఒకరు పాట పేరు చెప్పి కాస్త పాడాలట, ఆ పేరు చివర ఏ అక్షరముంటే దానితో మొదలయ్యే పాట రెండోవాళ్లు ఎత్తుకోవాలట, చివర ‘న్’ వచ్చిందా, ఆ అక్షరంతో వాళ్ల భాషలో ఏ మాటా మొదలవదు గనక చెప్పినవాళ్లు ఓడినట్టట. నాకు చెబుతోంది. దీని తల్లికి ఇంకా పాలపళ్లు ఊడని రోజుల్లోనే, బహ్రెయిన్‌లో, ప్రతి శుక్రవారం ఆ ఆటకు పాటలు ఎంచిపెట్టినవాణ్ణి నేను. ఆ మాట అనబోయి ఊరుకున్నాను. అంటే కథంతా చెప్పాలి, చెబితే జగిత్యాలవాడి సంగతి రావాలి, వాణ్ణి తలుచుకుంటే నాకు ఈనాటికీ ఒళ్లు మండుతుంది. మీరు నా ఈడువాళ్లు గనక మీతో చెప్పుకుంటాను.

తొంభైల మొదట్లో సంగతి. హిద్‌లో ఓడలు బాగుచేసే యార్డుకు జపాను నుంచి ఇంజనీర్లు కొందరు వచ్చి తుబ్లీలో ఒక విల్లాలో ఉండేవారు. కోనసీమ నుంచి వెళ్లిన నేను వాళ్లకు వంటవాణ్ణి, జగిత్యాలవాడు తుడవడానికీ ఇస్త్రీకీ. వెనక గదిలో ఇద్దరికీ కలిపి ఒకటే కూలరు. వాడు నన్ను అన్నా అనేవాడు, నేను తమ్ముడూ అనేవాణ్ణి, అంతవరకు బాగానే ఉండేది. బహ్రెయిన్‌లో కూర్చుని ఇంటికి ఫోను చేసి ‘దుబాయిల మంచిగనే ఉన్న’ అని చెప్పేవాడు, తాను ఉన్న దేశం పేరు కూడా పట్టించుకోని మనిషి. ఇంజనీర్లు ఒకరినొకరు పేరు చివర ‘సాన్’ తగిలించి పిలుచుకుంటారని, వాళ్లందరికీ పెద్ద అయిన తెల్లజుట్టు ఆయనకు మేమిద్దరం పెద్ద సాన్ అని పేరు పెట్టుకున్నాం.

శుక్రవారం మధ్యాహ్నం ఏసీ వేసుకుని వాళ్లు ఈ పాటల ఆట ఆడేవారు. భోజనం పళ్లెమంత డిస్కులు, మిషన్లో పెడితే టీవీలో పాట అక్షరాలు వరసగా రంగు మారుతూ పోయేవి, మైకు పట్టుకుని దానితోబాటు పాడడమే. నేను బడి ఏడో తరగతితో మానేసినవాణ్ణే గాని, పొట్లం కట్టిన కాగితాన్ని కూడా చదవనిదే పారేయని అలవాటు నాది. సోయా సాసు సీసాల మీదా, నూడుల్సు ప్యాకెట్ల మీదా వెతికి వెతికి వాళ్ల అక్షరాలు నేర్చుకున్నాను. బొమ్మల్లాంటి పెద్ద అక్షరాలు నావల్ల కాలేదు, కాని వాటి నెత్తిన చిన్నగా రాసే సులువు అక్షరాలు నాకు లొంగాయి. ఒకనాడు టీ ఇస్తూ, వెతుక్కుంటున్న పెద్ద సాన్ చేతికి సరైన డిస్కు తీసి అందించాను. ఆయన డిస్కు వంకా నా వంకా చూసి, పక్కకు జరిగి, సోఫాలో చోటు చూపించాడు.

ఆ చోటు గురించే ఈ కథంతా.

ఆ రోజు నుంచి ఆయన జట్టులో పాట ఎంచడం నా పని, పాడడం ఆయన పని. ఎంచడమంటే తమాషా కాదు. వాళ్ల భాషలో ‘రు’తో మొదలయ్యే పాటలు బహు తక్కువ, అందుకని చివర ‘రు’ ఉన్న పాట ఎదుటివాళ్ల నెత్తిన పడేసి, ‘రు’తో మొదలయ్యేది ఒకటి మన దగ్గర దాచుకోవాలి. మా అంత్యాక్షరిలో ‘ణ’ ఇచ్చి ఏడిపించినట్టే. గల్ఫులో ఉన్నన్నాళ్లూ నిలబడే పని చేసినవాణ్ణి, వారానికి ఒక్క పూట మెత్తటి సోఫాలో కూర్చుని, ఆయన స్వయంగా పోసిచ్చిన టీ తాగేవాణ్ణి.

ఒక శుక్రవారం పెద్ద సాన్‌కు గొంతు పట్టేసింది, మైకు నాకిచ్చాడు. ఎదుటివాళ్లు ‘రు’ విసిరారు. దాచుకున్న పాట అంతకుముందే అయిపోయింది, మిగిలిన డిస్కు ఒక్కటే, ‘రుసు నో జికన్’. రుసు అంటే ఇంట్లో మనిషి లేకపోవడం, జికన్ అంటే టైము అని పెద్ద సాన్ ఎప్పుడో చెప్పాడు. చివర ‘న్’ ఉందని తెలుసు, గతిలేక ఆ పేరే చదివాను, ఎంతో సాధన చేసిన నాలుకతో, కత్తితో కోసినట్టు, జికన్ అని. ఔట్. అందరూ చప్పట్లు కొట్టి నవ్వారు, నా ఉచ్చారణ మాత్రం అచ్చం వాళ్లలాగే ఉందని మెచ్చుకున్నారు.

మరుసటి వారం హాలు తుడుస్తూ జగిత్యాలవాడు ఆ పాటనే ఎత్తుకున్నాడు. ఒక్క అక్షరం రాదు, ఇస్త్రీ చేస్తూ చెవిన పడినదే. గొంతు బాగుండేది, లేదంటే నా నోరే పుచ్చిపోతుంది. పెద్ద సాన్ కళ్లు మూసుకుని విన్నాడు, విని వాణ్ణి పిలిచి సోఫాలో కూర్చోబెట్టుకున్నాడు. నేను అలమర పక్కన నిలబడి డిస్కులు తీసివ్వాలి, వాడికీ టీ నేనే తేవాలి. పైగా వాడికి ఉచ్చారణ నేర్పమని ఆయన ఆజ్ఞ. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ, ‘న్’ దగ్గర ఆపరా తమ్ముడూ అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో.

“ఆపుతనే ఉన్న అన్నా. అదే ఆగుతలేదు” అనేవాడు, నా మీదే విసుక్కుంటూ.

పెద్ద సాన్ తన దేశానికి తిరిగి వెళ్లిపోయే ముందరి శుక్రవారం, గలాలీ విల్లాలో ఉండే వాళ్లవాళ్లతో ఆఖరి ఆట పెట్టారు. ఆ రోజైనా నన్ను పిలుస్తాడని ఉతికిన చొక్కా వేసుకున్నాను. పిలవలేదు. ఆట సాగి సాగి చివరికి గలాలీ జట్టు ‘రు’ విసిరింది. అలమరలో చూస్తే మళ్లీ ఆ ఒక్క డిస్కే. వీడూ నాలాగే ఔటవుతాడు గదా అని కాస్త చల్లగా అనిపించిన మాట నిజం. డిస్కు పెట్టి పేరు చెవిలో చెప్పాను. వాడు మైకులో హాయిగా, ‘రుసు నో జికను’ అన్నాడు.

గలాలీవాళ్లు ఔట్ ఔట్ అన్నారు. పెద్ద సాన్ చెయ్యెత్తి ఆపి, సోఫాలోంచి వెనక్కి తిరిగి నన్ను అడిగాడు, తనకు వచ్చిన ఇంగ్లీషులో: మీ భాషలో మాట ఇలాగే ముగుస్తుందా?

చూడండి నా ఖర్మ. కాదంటే వాడు ఔట్, సోఫా ఖాళీ. కాని నేను పాత వ్యాకరణం పుస్తకం కొనుక్కుని సొంతంగా చదువుకున్నవాణ్ణి, తెలుగు అజంత భాష అని, మన మాట హల్లు మీద నిలవదని నాకు తెలుసు. మా అమ్మ కూడా ‘పెన్’ అనదు, ‘పెన్ను’ అంటుంది. అసూయ నా ఒక్కడిది, భాష నా ఒక్కడిది కాదు. అవును సార్, మా భాషలో ‘న్’ ఆగదు, ‘ను’ అవుతుంది అన్నాను. అయితే ‘ను’ అంటే ‘ను’వే అని పెద్ద సాన్ తీర్పు చెప్పాడు. ‘ను’తో మొదలయ్యే పాట గలాలీవాళ్లకు ఎంతకీ దొరకలేదు. గెలుపు ఫోటోలో పెద్ద సాన్ పక్కన వాడున్నాడు. ఫోటో తీసింది నేను.

తరవాత వాడు వంటింట్లోకి వచ్చి నెమ్మదిగా అడిగాడు.

“నేను తప్పు జెప్పిన్నా అన్నా? అందరు గట్ల నవ్విన్రు.”

ఎందుకు గెలిచాడో కూడా వాడికి తెలియదు. నేర్చుకున్నందుకు నేను ఓడాను, నేర్వనందుకు వాడు గెలిచాడు. ఇదెక్కడి న్యాయమో నాకిప్పటికీ అర్థం కాదు.

మొన్న మనవరాలు బతిమాలితే, గుర్తున్న జపాను పాటలతో ఆటకు కూర్చున్నాను. నాలుగు పాటలయ్యాక అది ‘రు’ ఇచ్చింది. ఇన్నేళ్లకు నా నోటికి ఆ పేరే వచ్చింది, కాని సాధన చేసిన ఆ నాలుక ఏమైపోయిందో, ‘జికను’ అన్నాను. ఔట్ తాతయ్యా అంది. ‘ను’ అన్నానే అంటే, అలా ఎవరంటారని నవ్వింది. నిజమే, ఎవరంటున్నారు? మా ఇంట్లో టైముకు టైమ్ అనీ, బస్సుకు బస్ అనీ, అందరూ హల్లు దగ్గర ఠక్కున ఆగిపోతున్నారు, జగిత్యాలవాడికి ఎంత చెప్పినా చేతకానిది వీళ్లకు పుట్టుకతోనే వచ్చేసింది. వాడిప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. సోఫా గురించిన కోపం కూడా చాలావరకు చల్లారింది. కాని ఆ రోజు, మా భాష ఇంతే అని చెప్పడానికి వాడి వెనక నేను నిలబడి ఉన్నాను. మొన్న ఔటయ్యాక, అలా చెప్పేవాళ్లెవరైనా ఉన్నారేమోనని నేనూ ఒకసారి వెనక్కి తిరిగి చూశాను.