పలికితేనే హాజరు

1974 జూన్‌లో నాకు ఖాజాగూడ గుట్టలకు ఇవతల ఒక చిన్న ఊరి బడికి బదిలీ అయింది. మాది తెనాలి వైపు. మావారి ఉద్యోగం కోసం లింగంపల్లిలో అద్దెకు దిగి ఏడాది కూడా కాలేదు. పొద్దున్నే బస్సు దిగి, సీతాఫలం పొదల మధ్య బండల మీదుగా రెండు మైళ్ళు నడవాలి. ఇప్పుడక్కడి అద్దాల మేడల మధ్య నిలబడి ఇది ఆ దారే అని చెబితే మా మనవరాలు పకపకా నవ్వుతుంది. అప్పుడు మాత్రం దారి పొడుగునా రాళ్ళు కొట్టే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు.

బడి అంటే రెండు గదులు, ఒక వసారా, ఇద్దరు టీచర్లం. హెడ్మాస్టరు నర్సింగరావుగారు నాలుగు, ఐదు తరగతులు చూసేవారు. ఒకటి నుంచి మూడు దాకా నావి. ముప్ఫై నలుగురు పిల్లలు.

చేరిన వారంలోనే ఎల్లమ్మ వచ్చింది. రాతి క్వారీలో కూలి పని ఆమెది. ఏడేళ్ళ కూతుర్ని రెక్క పట్టుకుని తెచ్చింది. ఆ పిల్ల నన్ను చూడలేదు, గదినీ చూడలేదు. గుమ్మం దగ్గర కూర్చుని గులకరాళ్ళను వరసగా పేర్చడం మొదలుపెట్టింది.

"పేరు మణెమ్మ, టీచరమ్మా. మాటల్లేవు. చెవుడు మాత్రం కాదు. గిన్నె కింద పడితే ఉలికిపడతది."

"మాటలు లేకపోతే బడిలో ఏం చేస్తుంది ఎల్లమ్మా?" అన్నాను.

"ఏం జెయ్యకున్నా మంచిదే. పనికాడ బండకు పెట్టిన మందు పేలిందంటే ఎటు పడితే అటు ఉరుకుతది. ఒకసారి గుంతల పడబోయింది. ఇగ నడుముకు చీరె పేలిక కట్టి చెట్టుకు కట్టేస్తున్న. కన్నబిడ్డను బర్రె లెక్క కట్టేసి నేను బండ కొడుతున్న, టీచరమ్మా. గీడ జర నీడ పట్టున కూసుంటే చాలు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పేరు రాసుకున్నాను. కానీ నా సంగతి నాకు తెలుసు, కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ జాలి పది రోజులు కూడా నిలవలేదు.

మా పనిలో అన్నిటికంటే ముందు అటెండెన్స్ రిజిస్టర్, అంటే హాజరు పుస్తకం. పొద్దున్నే ఒక్కో పేరు పిలుస్తాం. దాన్నే రోల్ కాల్ అంటారు. పిల్ల "వచ్చిన టీచర్" అంటే గడిలో 'పి' వేస్తాం, లేకపోతే 'ఏ'. నా రిజిస్టర్‌లో ఒక్క కొట్టివేత కూడా ఉండదని ట్రైనింగ్ రోజుల నుంచీ నాకో గర్వం. మణెమ్మ పేరు దగ్గర ఆ గర్వానికి దెబ్బ తగిలింది. పిలిస్తే పలకదు, తల ఎత్తదు. పిల్లలు ముసిముసిగా నవ్వేవాళ్ళు.

ఒకరోజు దగ్గరికి వెళ్ళి గడ్డం పట్టుకున్నాను. "నా కళ్ళలోకి చూడవే" అన్నాను. చూడలేదు. ముఖం బలవంతంగా నా వైపు తిప్పాను. కీచుమని అరిచి నా మణికట్టు కొరికేసింది. పంటిగాట్లు పడ్డాయి. అంతమంది పిల్లల ముందు నాకు తల కొట్టేసినట్టయింది. సరే, నువ్వు మొండైతే నేను జగమొండిని అనుకున్నాను. పలికితేనే హాజరు అని నా అంతట నేనే ఒక రూలు పెట్టాను. అలాగైనా నోరు విప్పుతుందని ఆశ. ఇవాళ చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది కానీ, అది పాఠం చెప్పడమేనని అప్పుడు గట్టిగా నమ్మాను.

రోజూ "మణెమ్మ" అని పిలవడం, మూడు లెక్కపెట్టడం, "రాలేదు" అని పైకి చెప్పి 'ఏ' వేయడం.

"ఈడనే ఉంది గద టీచర్!" అనేవాళ్ళు పిల్లలు.

"పలికితేనే వచ్చినట్టు" అనేదాన్ని.

జూన్, జూలై, ఆగస్టు గడిచాయి. ఒక్క రోజు కూడా మానకుండా బడికి వచ్చిన పిల్ల ఆమె ఒక్కతే. నా పుస్తకంలో మాత్రం ఒక్క రోజు కూడా రాలేదు.

మధ్యాహ్నం నా మూడు తరగతుల పిల్లలకు గోధుమ రవ్వ ఉప్మా పెట్టేవాళ్ళం. పళ్ళేలన్నీ ఒకే రకం సత్తువి, బడిలోనే ఉండేవి. ఎవరిది ఎవరిదో తెలియక రోజూ కొట్లాటే. అందుకని క్వారీలోనే రాళ్ళు చెక్కే మణెమ్మ తండ్రి, నేను రాసిచ్చిన కాగితం చూసి, తన ఉలితో చుక్కలు చుక్కలుగా అందరి పేర్లూ వాటి అంచుల మీద కొట్టిపెట్టాడు. వంట చేసే బాలమ్మ పొయ్యి ముట్టించగానే మణెమ్మ వసారాలోకి వెళ్ళి ఆ పళ్ళేలు పేర్చేది. బాలమ్మ అడ్డు చెప్పేది కాదు, తనకు పని తగ్గింది కదా. నేనూ పట్టించుకోలేదు. గులకరాళ్ళతో ఆడే పిల్ల పళ్ళేలతో ఆడుకుంటోంది అనుకున్నాను.

సెప్టెంబరు చివర్లో ఇన్‌స్పెక్షన్ కబురు వచ్చింది. డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారు వచ్చి రికార్డులన్నీ చూస్తారు. నెలాఖరున చూడకుండానే సంతకం పెట్టే నర్సింగరావుగారు అప్పుడు నా రిజిస్టర్ తెరిచి గుండె పట్టుకున్నారు.

"ఇదేందమ్మా, మణెమ్మకు వరుసబెట్టి అన్నీ 'ఏ'లే? ఇన్ని రోజులు రాని పిల్ల పేరు ఎప్పుడో కొట్టేయాలె గద. రూలు ఎరుకనేనా?"

"పిల్ల రోజూ వస్తోందండి. పలకదు, అంతే."

"మరి వస్తే 'ఏ' ఎందుకు వేస్తివి? ఇప్పుడు దిద్దితే రికార్డు దిద్దిన్రంటడు, దిద్దకుంటే రాని పిల్లకు ఉప్మా పెట్టిన్రంటడు. పరేషాన్ చేస్తివి గదమ్మా! పేరు కొట్టేయ్. తల్లికి నేను చెప్త."

ఆ సాయంత్రం ఎల్లమ్మకు చెప్పారు, పిల్లను నెలాఖరు దాకానే తేవాలని. ఆమె గొడవ చేయలేదు. "మల్ల చెట్టుకే కట్టాల్నా సారూ?" అని మాత్రం అడిగింది. ఆయన చుట్ట వెలిగించుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం వసారాలో కూర్చుని నెల మొత్తాలు వేస్తున్నాను. ఒళ్ళో రిజిస్టర్, ఎదురుగా మణెమ్మ పేర్చిన పళ్ళేల వరస. పేరు మీద వేలు పెట్టి లెక్కపెడుతూ ఎందుకో తలెత్తాను. మొదటి పళ్ళెం మీద ఎల్లయ్య. రిజిస్టర్‌లో ఒకటో నంబరు ఎల్లయ్యే. రెండోది కిష్టయ్య. ఇక్కడా కిష్టయ్యే. లేచి వరస వెంట నడిచాను. ముప్ఫై నాలుగు పళ్ళేలూ నేను రోజూ పిలిచే క్రమంలోనే ఉన్నాయి, ఒక్కటి కూడా తప్పలేదు. అమ్మ దొంగా! ఎవరు ఏ పళ్ళెంలో తింటారో చూసి పెట్టుకుంది, వినడం లేదనుకున్న పిల్ల నా రోల్ కాల్ మొత్తం కంఠతా పట్టింది.

అప్పుడు చూశాను, మూడు పళ్ళేలు బోర్లించి ఉన్నాయి. ఒకటి సాయిలుది, ఆరోజు జ్వరంతో రాలేదు. ఇంకోటి అండాలుది, మేనమామ పెళ్ళికి పోయింది. మూడోది తిప్పి చూశాను. మణెమ్మ.

"ఇది రోజూ బోర్లానే ఉంటదమ్మా" అంది బాలమ్మ గరిటె పట్టుకుని. "నేనే తిప్పి ఉప్మా పెడుత. గదేం కతనో నాకు తెల్వదు."

నాకు తెలిసింది. నేను ఎవరి పేరు తర్వాత "రాలేదు" అంటే, ఆ పిల్ల వాళ్ళ పళ్ళెం బోర్లిస్తోంది. టీచరు చెప్పింది కదా. రోజూ తన పళ్ళెం కూడా తన చేత్తోనే బోర్లించుకుంది. నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను. దాచుకోలేదు కూడా. బాలమ్మ గరిటె వదిలేసి వచ్చి నా వీపు రాసింది.

మర్నాడు రోల్ కాల్‌లో మణెమ్మ పేరు వచ్చింది. "మణెమ్మ వచ్చింది" అన్నాను. 'పి' వేశాను. పిల్లలు గొల్లున నవ్వారు. ఆమె తల ఎత్తలేదు. మధ్యాహ్నం దాకా నాకు కాలు నిలవలేదు. పళ్ళేల దగ్గరికి వెళ్ళి స్తంభం చాటున నిలబడ్డాను. తన పళ్ళెం చేతిలోకి తీసుకుని ఆ పిల్ల చాలాసేపు ఆగింది. అంచు మీద చుక్కల్ని వేలితో తడిమింది. వెల్లకిలా పెట్టింది.

ఇంక పేరు ఎలా కొట్టేస్తాను? పాత 'ఏ'లు దిద్దలేదు. ఎక్స్‌ప్లనేషన్ రాశాను, అంటే సంజాయిషీ. పిల్ల రోజూ వచ్చింది, పలకలేదన్న పంతంతో నేనే ఆబ్సెంట్ వేశాను, తప్పు నాది అని. నర్సింగరావుగారు చదివి, "నీ మెడకు నువ్వే ఉరి తెచ్చుకుంటున్నవ్" అన్నారు. అయినా కింద 'ఇది నిజము' అని రాసి సంతకం పెట్టారు. ఆ సంతకం ఆయన పెట్టనక్కర్లేదు.

ఇన్‌స్పెక్టరుగారు కళ్ళద్దాల పైనుంచి నన్ను చూశారు. "మీ చేత్తో రాసిస్తున్నారు. మెమో వస్తుంది, సర్వీసు పుస్తకంలో ఉండిపోతుంది. తెలుసా?"

"తెలుసండి. ఒక్కసారి వసారాలోకి రండి."

వచ్చారు. రిజిస్టర్ చేత్తో పట్టుకుని పళ్ళేల పక్కన ఒక్కో అడుగే వేశారు. ఆరోజు బోర్లా ఉన్నవి రెండు. ఆ రెండు గడుల్లోనూ 'ఏ' ఉంది. ఇంకోసారి మొదటి నుంచి చూసుకున్నారు. "మీ లెక్క కంటే ఈ పిల్ల లెక్కే నయం" అన్నారు నాతో. హెడ్మాస్టరుతో, "పేరు ఉంచండి" అన్నారు. మెమో మాత్రం నెల తిరక్కుండా వచ్చింది. రిటైరయ్యే దాకా నా సర్వీసు పుస్తకంలో ఉంది.

ఆ తర్వాత నేనే మారాను. ముఖం పట్టుకోవడం మానేశాను. ఏం చేయబోతున్నామో ముందే ఒకసారి చెప్పేదాన్ని. గంట బదులు వేలాడదీసిన రైలు పట్టా ముక్కను కొడితే చెవులు మూసుకుని వణికేది, అందుకని నర్సింగరావుగారు సుత్తికి గుడ్డ చుట్టారు. రెండేళ్ళలో పళ్ళేల మీద పేర్లన్నీ పలక మీద రాసింది. మాటలు పెద్దగా రాలేదు. నాలుగైదు వచ్చాయి, అవీ తనకు అక్కరపడినప్పుడే. ఆటిజం అనే పేరు నేను విన్నది చాలా ఏళ్ళ తర్వాత, పట్నంలో ఒక ట్రైనింగులో. ఆ డాక్టరుగారు ఒక్కో లక్షణం చెబుతుంటే నేను కాగితం మీద మణెమ్మ, మణెమ్మ అని రాసుకుంటూ కూర్చున్నాను.

కానీ నేను నేర్చుకున్నది ఆ ట్రైనింగులో కాదు. ఇన్‌స్పెక్షన్ రోజు సాయంత్రం ఎల్లమ్మ వచ్చింది, పేరు పోయిందనే అనుకుని. జరిగిందంతా చెప్పాను. నా తప్పుతో సహా. ఆమెకు మెమో సంగతి పట్టలేదు, పేరు నిలిచిందన్నదీ వెంటనే ఎక్కలేదు.

"అంటే టీచరమ్మా, నా బిడ్డ ఇంటదా?"

"అన్నీ వింటుంది ఎల్లమ్మా. ఒక్కటీ మరిచిపోదు."

గుమ్మంలో చతికిలబడింది. "మూడేండ్లాయె దానితోటి మాట్లాడక. ఎంత జెప్పినా పలకదాయె. గోడకు జెప్పినట్టని ఇడిసిపెట్టిన. అన్నం ముందల పెట్టుడు, కట్టుడు, విప్పుడు, గంతే. అన్ని రోజులు ఇన్నదా అమ్మా? నేను మాట్లాడకుంటుంటే కూడ ఇన్నదా?"

పలకని పిల్లకు మనమే మాటలు మానేస్తామని, అప్పుడు గైర్హాజరయ్యేది మనమేనని నాకు ఆ గుమ్మంలోనే తెలిసింది.

ఎల్లమ్మ లేచి కళ్ళు తుడుచుకుంది. పిల్ల చెయ్యి పట్టుకోబోయి ఆగి, కొంగు అంచు అందించింది. మణెమ్మ పట్టుకుంది. ఇద్దరూ బండల దారి పట్టారు. తల్లి అప్పటికే మొదలుపెట్టింది. పొద్దున ఏం వండిందో, మేస్త్రి ఏమన్నాడో, మేక ఎప్పుడు ఈనిందో, మూడేళ్ళ కబుర్లు. గుట్ట మలుపు తిరిగి కనబడకుండా పోయాక కూడా ఆ గొంతు ఎంతోసేపు వినిపిస్తూనే ఉంది.